టిగ్ వెల్డరు – ఒకరు

ప్రజలకు కూడు, గుడ్డ, గూడు ఇచ్చేశాక ఇంకేమివ్వాలా అని ఆలోచిస్తున్న ప్రభుత్వానికి ఒకరోజు అభిరుచి గుర్తుకొచ్చింది. ఆ మూడూ ఎప్పుడిచ్చారని అడిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. చేతిలో మంచి అభిరుచి ఉన్నవాడికి ఇలాంటి ప్రశ్నలు పుట్టవని నిపుణుల సంఘం ఒకటి అప్పటికే తేల్చి ఉంది. అందుచేత జిల్లాకొక అభిరుచి వికాస కార్యాలయం వెలిసింది. 'అభిరుచి లేని పౌరుడు దేశానికి బరువు' అని గోడల మీద రాయించారు. ఆలపాడులో కాలవగట్టు మీద పాడుబడ్డ ఇరిగేషన్ బంగళాకి సున్నం కొట్టి, ఒక డైరెక్టరునీ, ఒక సూపరింటెండెంటునీ, ఒక వాచ్‌మన్‌నీ కూర్చోబెట్టి బోర్డు తగిలించారు.

పథకం తేలికైనదే. అభిరుచి ఉన్న పౌరుడు దరఖాస్తు పెట్టుకుంటే కావలసిన సామగ్రి సంస్థ ఇస్తుంది, దరఖాస్తుకి ఒకటి చొప్పున. తేనెటీగలు పెంచుతానన్న ఆసామికి పెట్టె ఇచ్చారు, ఈగలకి మరో దరఖాస్తు పెట్టుకోమన్నారు. వీణ నేర్చుకుంటానన్నావిడకి వీణ వచ్చింది, తీగలు రాలేదు. ఊళ్ళో ఎవరింట చూసినా ఏదో ఒక సగం వస్తువు కనిపిస్తోంది గనక పథకం సగానికి పైగా విజయవంతమైందని నివేదిక వెళ్ళింది.

కొప్పిశెట్టి త్రిమూర్తులు ఆ ఊరి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. అతనికి సైకిళ్ళ పిచ్చి. తొక్కే పిచ్చి కాదు, తయారుచేసే పిచ్చి. పిల్లలకి మామిడిపండు గియ్యడం నేర్పుతూ నేర్పుతూ బోర్డు మూల సైకిలు ఫ్రేము గీసేస్తాడు. ఉత్త పిచ్చయితే ఏ గోలా ఉండేది కాదు. కాని ఆ పిచ్చికి ఒక కారణముంది, ఆ కారణం పేరు శేషారత్నం.

శేషారత్నం అతని భార్య. ఆరోగ్య కేంద్రంలో నర్సు. మనిషి బాగా పొట్టి, మాట బాగా పొడుగు. ఆమెకి సజ్జలంకలో డ్యూటీ వేశారు. గోదావరి పాయని నావలో దాటి, అవతల ఇసుకగట్టు మీద ఎండలో నడిచి, పసిపిల్లలకి టీకాలు వేసి రావాలి. ఐసు నింపిన టీకాల పెట్టె భుజానికి వేలాడుతుంటుంది. మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. ఆ చిన్న నావలోకి స్కూటరు ఎక్కనివ్వరు గాని సైకిలు ఎక్కనిస్తారు. కొట్లో దొరికే ఏ సైకిలెక్కినా ఆమె కాళ్ళు పెడళ్ళకి అందవు. పోనీ అని పిల్లల సైకిలు కొంటే, టీకాల పెట్టె కట్టిన మూడోనాడు అది నడుం దగ్గర విరిగి ఆమెని గట్టు దిగువన పడేసింది. లంకలో జనమంతా చూశారు. కుంటుకుంటూ ఇంటికొచ్చిన భార్యని చూసి త్రిమూర్తులు, నీ కాళ్ళకి అందే సైకిలు నేనే చేసిస్తానని మాటిచ్చాడు.

"అలాగే చెయ్యండి. నేను రిటైరయ్యేలోగా ఇస్తే చాలు," అంది శేషారత్నం.

మాటిచ్చినందుకు అతను కష్టపడ్డాడు కూడా. ఆమె కాలి కొలత, చేతి కొలత తీసుకున్నాడు. తేలికైన స్టీలు గొట్టాలు తెప్పించాడు. ఒక గొట్టం అంచు మరోదాని ఒంపులో సరిగ్గా కూర్చునేలా ఆకురాయితో అరగదీశాడు. ముక్కలన్నీ మంచం కింద చేరాయి. ఇక అతకడమే మిగిలింది, కథ అక్కడే అడ్డం తిరిగింది.

గొట్టాలు మరీ పల్చన. గేట్లూ గ్రిల్సూ చేసే కొట్లో ఒక ముక్క ఇచ్చి చూస్తే రాడ్డు తగిలీ తగలకముందే చిల్లు పడింది. అలాంటి పని టిగ్ వెల్డింగుకే లొంగుతుంది. సన్నటి సూది కొసన మంట, దాని చుట్టూ ఆర్గాన్ గ్యాసు, కాలి కింద పెడలు. కుట్టుమిషనులాగే ఎంత తొక్కితే అంత. సెలవుల్లో పాలిటెక్నిక్‌కి వెళ్ళి ఆ విద్య నేర్చుకున్నాడు గాని అక్కడి మిషను సొంత పనులకి ముట్టుకోనివ్వరు. కనక సొంతానికి ఒక మిషను కావాలి. అందులో ఏది మంచిదా అని నెలల తరబడి చదివాడు, నలుగుర్నీ అడిగాడు, చివరికి మూడింటి మధ్య పడ్డాడు. పెద్దది కర్మాగారాలకి చేసింది, మూడు ఫేజుల కరెంటుంటేగాని కళ్ళు తెరవదు. చిన్నది చవక, కాని సూదిని గొట్టానికి ముట్టిస్తేగాని వెలగదు, ముట్టిస్తే అంటుకుపోతుంది, పైగా పెడలు లేదు. నడిమిది ఇంటి కరెంటుతో నడుస్తుంది, ముట్టించకుండానే వెలుగుతుంది, మంట ఎంత తగ్గించినా ఆరిపోదు, పెడలూ ఉంది. ఆ నడిమిదే తన మిషనని అతనికి రూఢి అయిపోయింది.

"నన్ను చూసుకోడానికొచ్చినప్పుడు ఇందులో సగం ప్రశ్నలైనా వేశారా మీరు?" అని శేషారత్నం మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటూ అడిగింది. అతను అప్పటికే అభిరుచి వికాస కార్యాలయానికి దరఖాస్తు రాయడానికి కూర్చున్నాడు.

రాసింది ఒక్క వాక్యం. 'సైకిలు ఫ్రేము తయారీ నిమిత్తం టిగ్ వెల్డరు ఒకటి ఎంపిక చేసి ఇప్పించ ప్రార్థన.' కేటలాగుల్లో మిషన్నే వెల్డరు అంటారు, అతను అవే చదివి చదివి ఉన్నాడు. ఆలపాడులో వెల్డరంటే మనిషన్న సంగతి తట్టలేదు.

దరఖాస్తు సూపరింటెండెంటు చెరుకువాడ విశ్వపతిగారి బల్ల మీదికి చేరింది. విశ్వపతిగారు భాషాభిమాని. పెళ్ళి శుభలేఖ ఇస్తే తప్పులు దిద్ది ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇచ్చేస్తారు, పెళ్ళికి వెళ్ళరు. సంస్థ సిబ్బందికి కూడా తలొక అభిరుచి ఉండి తీరాలని నిబంధన వస్తే ఆయన తన అభిరుచి 'దిద్దుబాటు' అని రాసిచ్చారు. అలాంటాయన కంట 'వెల్డరు ఒకటి' పడింది. కుర్చీ ఒకటి, మేక ఒకటి. ఒళ్ళు కాల్చుకుని పనిచేసే కష్టజీవిని పట్టుకుని, చదువు చెప్పే మాస్టారై ఉండి, ఒకటి అంటాడా? విశ్వపతిగారికి నిజంగానే మనసు కలుక్కుమంది. ఎర్రసిరా కలంతో 'టి' కొట్టేసి 'రు' పెట్టారు. పక్కన 'మానవుల విషయమున మహద్వాచకము వాడవలెను' అని రాసి పైకి పంపారు.

ఒకటి అయితే కొంటారు. ఒకరు అయితే నియమించాలి. డైరెక్టరుగారు ఫైలు చూసి చాలా సంతోషించారు. అంతవరకు వస్తువులు పంచడమేగాని మానవ వనరుల రంగంలో తమ సంస్థ అడుగుపెట్టలేదు. వెంటనే టిగ్ వెల్డరు పోస్టు ఒకటి మంజూరు చేయించారు. ఎంపిక సంఘం వేసి, తామే దానికి అధ్యక్షులై, విశ్వపతిగారిని సభ్య కార్యదర్శిని చేశారు.

ఈ సంగతి తెలిసి త్రిమూర్తులు పరుగెత్తుకొచ్చాడు. వెల్డరంటే మనిషి కాదని, మిషనని, బొమ్మ గీసి మరీ చూపించాడు. విశ్వపతిగారు బొమ్మ బాగుందన్నారు. కాని ఫైల్లో పడిన అక్షరం మార్చాలంటే రాజధాని వెళ్ళాలి, అక్కడ భాషా విభాగం లేదు, అది పెట్టేదాకా ఫైలు ఆగాలి, ఈలోగా ఆర్థిక సంవత్సరం దాటిపోతుంది అని చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి, మిషన్నే పోస్టుకి దరఖాస్తు పెట్టుకోమనండి మాస్టారూ, అర్హత ఉంటే ఎవరు కాదంటారు అని సలహా ఇచ్చారు.

ఆ పూట శేషారత్నం లంకనుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడింది. త్రిమూర్తులు ఆమె పాదాలు చూశాడు. మర్నాడే విజయవాడ కొట్టువాళ్ళకి ఫోను చేసి మూడు మిషన్లూ ఇంటర్వ్యూకి పంపమన్నాడు. కొట్టువాళ్ళు ప్రభుత్వ వ్యవహారాల్లో ఆరితేరినవాళ్ళు, ఎందుకని అడగలేదు.

ఇంటర్వ్యూకి ముందు వయసు చిక్కొచ్చింది. మూడింటి వీపు మీదా తయారీ సంవత్సరం అచ్చువేసి ఉంది. ఎవరికీ ఇంకా ఏడాది నిండలేదు. చంటిపిల్లల్ని పనిలో పెట్టుకుంటే బాలకార్మిక చట్టం కింద కేసవుతుందని డైరెక్టరుగారు కంగారుపడి ముగ్గుర్నీ ప్రభుత్వ వైద్యుడి దగ్గరికి పంపారు. వైద్యుడు అనుభవజ్ఞుడు. నోళ్ళు వెతికి, పళ్ళు లేవు గనక వీళ్ళు పాలు తాగే బిడ్డలైనా కావాలి, పళ్ళూడిన ముసలివాళ్ళైనా కావాలి అని తర్కించి, రెండింటికీ మధ్య సరిగ్గా ముప్పయ్యేళ్ళని సర్టిఫికెట్టు ఇచ్చేశాడు. దృష్టి లోపం లేదని కూడా రాశాడు.

ఇంటర్వ్యూనాడు మూడు కుర్చీలు వేశారు. పెద్దాయన కుర్చీలో పట్టక నేలమీదే ఉండిపోయాడు. అభ్యర్థులు మౌనంగా ఉండటం వినయానికి గుర్తుగా భావించి, వాళ్ళ తరఫున జవాబులు చెప్పడానికి త్రిమూర్తుల్ని అనుమతించారు.

డైరెక్టరుగారు ముందు పెద్దాయన సంగతి అడిగారు. మూడు ఫేజులుంటేగాని నడవదండి అన్నాడు త్రిమూర్తులు. ఫేజంటే ఏమిటని అడిగి, కరెంటు సంబంధమని తెలుసుకుని, డైరెక్టరుగారు ముఖం చిట్లించారు. "మూడేసి సంబంధాలు పెట్టుకున్నవాణ్ణి సర్వీసులోకి తీసుకోడానికి ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు," అని కొట్టేశారు.

చిన్నాయన వంతు వచ్చింది. ఈయన ముట్టిస్తేగాని పని మొదలుపెట్టడండి అని త్రిమూర్తులు ఉన్నమాటే చెప్పాడు.

"అంటే ఏదో ఒకటి ముట్టజెబితేగాని కదలడన్నమాట," అన్నారు డైరెక్టరుగారు. "అది కాదు తప్పు. ఇంటర్వ్యూలోనే బయటపడిపోయాడే, అదీ తప్పు. అనుభవం చాలదు."

ఇక నడిమాయన. ఈయన పనితీరు ఏమిటని అడిగారు. పది నిమిషాల్లో మూడు నిమిషాలు పనిచేస్తే ఏడు నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలండి, లేకపోతే వేడెక్కిపోతుందండి అన్నాడు త్రిమూర్తులు. మిషను లక్షణంగా చెప్పిన మాట అది. విశ్వపతిగారు తలెత్తి, పదికి మూడా అని మళ్ళీ అడిగి, ఆశ్చర్యపోయి, మన సగటుకన్నా చాలా ఎక్కువండి సార్ అని డైరెక్టరుగారి చెవిలో చెప్పారు. పనిచేసేటప్పుడు చుట్టూ జడవాయువు ఉండాలంటే, మన కార్యాలయంలో జడత్వానికి లోటు లేదన్నారు. కాలితో తొక్కుతుంటేగాని పని సాగదంటే, ప్రభుత్వ సర్వీసులో అందరూ అంతేనన్నారు. పైనుంచి ఎంత తగ్గించినా ఆరిపోకుండా ఓర్చుకుంటుందని వినగానే డైరెక్టరుగారు లేచి అభ్యర్థి హ్యాండిలు పట్టుకుని కరచాలనం చేశారు.

త్రిమూర్తులు ఆనందం పట్టలేకపోయాడు. తోవ ఏదైతేనేం, తను ఎంచుకున్న మిషనే ఎంపికైంది. ఆ సాయంత్రం రిక్షా మాట్లాడుకుని, మిషను తీసుకెళ్ళడానికి ఆఫీసుకి వచ్చాడు. వాచ్‌మన్ పోలయ్య గేటు దగ్గరే ఆపేశాడు.

ప్రభుత్వోద్యోగిని సొంత పనికి ఇంటికి తీసుకెళ్ళడం నేరమని విశ్వపతిగారు ఓపిగ్గా వివరించారు. పెద్ద అధికారులు తీసుకెళ్తారు గాని అది వేరే సంగతి. వెల్డరుగారి సేవలు కావాలంటే పనిముక్కలు తెచ్చుకుని ఆఫీసు వేళల్లో ఇక్కడే చేయించుకోవచ్చు. సరే అదైనా మేలేనని త్రిమూర్తులు మంచం కింది గొట్టాలన్నీ మూటగట్టి మర్నాడు బడి వదలగానే మోసుకొచ్చాడు. హాల్లో వెల్డరుగారికి బల్ల, కుర్చీ, ఫ్యాను, మంచినీళ్ళ కూజా, పేరు రాసిన చెక్కపలక, అన్నీ అమర్చి ఉన్నాయి. ప్లగ్గు మాత్రం లేదు.

"మనిషికి ప్లగ్గెందుకండి మాస్టారూ?" అన్నారు విశ్వపతిగారు.

గ్యాసు సిలిండరు మాటెత్తితే, సిబ్బందికి గ్యాసు సరఫరా చేసే పద్ధతి లేదు, ఎవరింట వాళ్ళే చూసుకోవాలి అన్నారు. దాంతో సిలిండరు త్రిమూర్తులే తెచ్చుకున్నాడు. ప్లగ్గు ఎక్కణ్ణుంచి తెస్తాడు? రోజూ సాయంత్రం గొట్టాల మూటతో వచ్చి వరండాలో కూర్చోవడం, చీకటి పడితే మూటతో వెళ్ళడం, ఇదీ అతని పని. గొట్టాలకి తుప్పు పొట్టు లేస్తోంది. ఇంట్లో శేషారత్నం సైకిలు మాట అడగటం మానేసింది. అడుగుతున్నన్నాళ్ళూ పర్వాలేదు, అడగటం మానేస్తే మగవాడికి అన్నం సహించదు.

ఆఫీసులో వెల్డరుగారి వ్యవహారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. ఆయన సెలవు పెట్టరు. టీకి వెళ్ళరు. పక్కవాళ్ళ మీద చాడీలు చెప్పరు. వేలిముద్ర హాజరు మాత్రం ఇబ్బంది పెట్టింది గాని, వేళ్ళు లేనివాడికి వేలిముద్ర మినహాయింపు అని పాత ఉత్తర్వు ఒకటి దొరికింది. ఆయన బల్ల ముందు ప్రజలు నిలబడి గోడు చెప్పుకుంటే కోప్పడకుండా ఆసాంతం వింటారని పేరొచ్చింది. అలాంటి అధికారిని ఎన్నడూ చూడలేదని పింఛను రాని ముసలావిడ ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. గణతంత్ర దినం నాడు ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం వెల్డరుగారికే వచ్చింది. ఆయన ఒక్కరే ఆ ఏడాదంతా ఏ తప్పూ చెయ్యలేదు, ఏదీ చెయ్యలేదు గనక.

వేసవి సెలవులిచ్చిన వారంలో ఆడిటు వస్తుందని కబురొచ్చింది. డైరెక్టరుగారు వెంటనే శిక్షణకి వెళ్ళిపోయారు. విశ్వపతిగారు మాత్రం ఎక్కడికీ పోలేక ఫైలు తిరగేసి నీళ్ళు నమిలారు. దరఖాస్తుకి ఒక సామగ్రి ఇచ్చితీరాలి. త్రిమూర్తులు దరఖాస్తు మీద వచ్చింది వెల్డరుగారు, ఆయన సిబ్బంది పద్దులో ఉన్నారు. సామగ్రి పద్దులో ఆ దరఖాస్తు ఎదురుగా ఖాళీ. ఒకటి తక్కువ. ఆడిటువాళ్ళు ఊరుకోరు.

విశ్వపతిగారు తలెత్తి చూసేసరికి వరండాలో త్రిమూర్తులు కూర్చుని ఉన్నాడు. ఏ పోస్టూ లేకుండా, ఏ పనీ లేకుండా, రోజూ ఒకేచోట. ఆయనకి మార్గం దొరికింది.

"మాస్టారూ, మీరెలాగూ ఇక్కడే ఉంటున్నారు. సామగ్రి కింద మిమ్మల్ని చూపించేస్తే ఎవరికీ నష్టం లేదు. ఆడిటయ్యేదాకానే. స్టోరులో కూర్చుందురుగాని."

త్రిమూర్తులికి రోషం వచ్చింది. అంతలో చెయ్యి గొట్టాల మూట మీద పడింది. "స్టోరులో ప్లగ్గులున్నాయా అండి?" అని అడిగాడు.

"ఎందుకుండవు? అక్కడుండేవి వస్తువులు కదా."

త్రిమూర్తులు సంతకం పెట్టాడు. విశ్వపతిగారు 'అభిరుచి గల వ్యక్తి ఒకరు' అని రాసి, చదువుకుని, సామగ్రి పద్దులో మహద్వాచకం పనికిరాదని గుర్తొచ్చి, 'రు' కొట్టేసి 'టి' పెట్టారు. చొక్కా జేబు మీద స్టాకు నంబరు చీటీ అంటించారు. స్టోరన్నాక ఒక పర్యవేక్షకుడుండాలి, మచ్చలేని ఉద్యోగి ఆఫీసులో ఒక్కరే ఉన్నారు. వెల్డరుగారికి స్టోరు అదనపు బాధ్యతలు అప్పగిస్తూ ఉత్తర్వు వెలువడింది. పోలయ్య ఆయన్ని భుజాన ఎత్తుకుని తీసుకెళ్ళి త్రిమూర్తులు ఎదురుగా కూర్చోబెట్టాడు. ప్లగ్గు పక్కనే.

తలుపు మూసి త్రిమూర్తులు తీగ ప్లగ్గులో పెట్టాడు. సిలిండరు తిప్పాడు. ముసుగు దించి పెడలు మీద కాలుంచాడు. పర్యవేక్షకుడి సూది కొసన చిన్న నీలిచుక్క ముట్టించకుండానే వెలిగింది. గొట్టం చిల్లు పడలేదు. ఇరుకు స్టోరులో, చెమటలు కారుతుంటే, ఆ మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ముసుగు ఉంది గనక పై అధికారికి కనబడలేదు.

పని నడుస్తున్నన్నాళ్ళూ విశ్వపతిగారు రోజూ సాయంత్రం 'మరమ్మతు నిమిత్తం ఇంటికి పంపడమైనది' అని చీటీ రాసిచ్చి అతన్ని వదిలేవారు. ఏం మరమ్మతు చేశారో ఏమో, అన్నం తినేవాడు, నిద్రపోయేవాడు, పొద్దున్నే తిరిగొచ్చేవాడు. ఎక్కడున్నారీ పగలంతా అని శేషారత్నం అడిగితే స్టాకులో ఉన్నానన్నాడు. ఆమె అది షేర్ల వ్యాపారం అనుకుని, మనకెందుకండీ అవన్నీ అని కోప్పడింది.

సైకిలు పూర్తయింది. పొట్టి ఫ్రేము, కిందికి వాలిన నడిమి గొట్టం, ముందు టీకాల పెట్టెకి చట్రం. ఆకుపచ్చ రంగు వేశాడు. సరిగ్గా ఆ రంగు ఆరిన పొద్దునే ఆడిటువాళ్ళు దిగి, మేం ఉన్నంతకాలం మరమ్మతు చీటీలు చెల్లవు, గేటు పాసు లేనిదే స్టోరులోంచి పుల్ల కూడా కదలకూడదని ఆజ్ఞాపించారు. అభిరుచి ఫలితం లబ్ధిదారుకి ఇవ్వవచ్చని ఒక నిబంధన ఉంది. లబ్ధిదారు ఇప్పుడు సామగ్రి గనక అతని దగ్గరి బంధువుకి ఇవ్వవచ్చని విశ్వపతిగారు వ్యాఖ్యానించి, పాసు రాశారు. శేషారత్నానికి కబురెళ్ళింది.

లంకలో టీకాల రోజు. ఆమె పెట్టె భుజాన వేసుకునే వచ్చింది. సైకిలు దగ్గరికి నడిచింది. సీటు మీద చెయ్యి వేసి, వెల్డింగు గీత మీద వేలితో రాసి చూసింది. ఉంగరాల మీద ఉంగరాలు పేర్చినట్టు నున్నగా ఉంది. తర్వాత మొగుడి చొక్కా మీది చీటీ చూసింది.

"ఇదేంటండి?"

అతను చెప్పాడు. మొదటినుంచీ, అన్నీ. ఆమె పెట్టెని సైకిలు చట్రంలో దించి, పదండి ఇంటికి అంది. ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ గేటు దాకా వచ్చారు. పోలయ్య అడ్డొచ్చాడు.

"ఆయ్, నర్సమ్మగారూ, పాసులో సామగ్రి ఒకటి అనుందండి. ఇక్కడ రెండున్నాయండి."

శేషారత్నం విశ్వపతిగారిని పిలిపించింది. ఆయన వచ్చి పాసు చదివి, నిజమే, ఒకటే అన్నారు. ఆడిటువాళ్ళు వరండాలోంచి చూస్తున్నారు. మనిషికి పాసెందుకండీ అని ఆమె అడిగింది. అక్కర్లేదమ్మా, మనుషులు ఎప్పుడైనా వెళ్ళొచ్చు అన్నారాయన. అయితే ఈయన్ని మనిషని దిద్దండి, మీ అభిరుచి అదేనట కదా అంది ఆమె.

విశ్వపతిగారు బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు, ఆయన చెడ్డవాడు కాదు.

"దిద్దేవాణ్ణేనమ్మా. కాని మాస్టారి దరఖాస్తు మీద ఒకరు అనిపించుకోడానికి మంజూరైంది ఒకటే పోస్టు. అందులో వెల్డరుగారున్నారు. ఆయన రిటైరైతేగాని ఖాళీ రాదు. ఆయనకేమో ఇంకా ముప్పయ్యేళ్ళే."

రేవులో నావవాడు కూతేశాడు. ఆ నావ తప్పితే మళ్ళీ మధ్యాహ్నమే. అప్పటికి పెట్టెలో ఐసు కరిగిపోతుంది, మందులు పాడవుతాయి, లంకలో తల్లులు పిల్లల్నెత్తుకుని ఎండలో నిలబడి ఉంటారు. శేషారత్నం సైకిల్ని చూసింది, మొగుణ్ణి చూసింది. ఒకటే తీసుకెళ్ళాలి. మాస్టారు నెలల తరబడి చేసిన ఎంపిక ఆమె అక్కడ నిలబడి ఒక్క క్షణంలో చేసేసింది.

"పొయ్యి పక్కన చారుంది అనడానికి లేదు, మీరు రారు," అంది మొగుడితో. "సాయంత్రం కేరేజీ తెస్తాను. ఆడిటయ్యేదాకా ఏదో ఒక వస్తువులా పడుండండి. ఇరవయ్యేళ్ళనుంచి ఇంట్లో ఉన్నట్టే."

సైకిలెక్కింది. కుడికాలు పెడలు మీద ఆనింది, ఎడంకాలు ఆనింది. రెండూ అందాయి. గేటు ఊచల వెనకనుంచి త్రిమూర్తులు ఆ రెండు కాళ్ళనే చూస్తున్నాడు. కాలవగట్టు మీద ఆకుపచ్చ సైకిలు ఒక్కసారి తూలి, నిలదొక్కుకుని, రేవు వైపు సాగిపోయింది. వెనక్కి చూస్తే పడిపోతానని ఆమె వెనక్కి చూడలేదు. అందాయి రత్నం, అందాయి అని అతను తనలో తను అనుకున్నాడు.

పోలయ్య గేటు వేశాడు.

"ఒకటి వెళ్ళిందండి, ఒకటి ఉందండి," అని సూపరింటెండెంటుగారికి లెక్క ఒప్పజెప్పాడు.

విశ్వపతిగారు ఆ వాక్యాన్ని మనసులో ఒకసారి చదువుకున్నారు. వ్యాకరణం ఎక్కడా తప్పలేదు గనక దిద్దలేదు.